పురిటి గదిలో నిప్పు

మా అమ్మతో గొడవపడి నేను నెగ్గిన సందర్భాలు బాగా తక్కువ. ఉన్నవాటిలో పెద్దది కుంపటి గొడవ. అది నెగ్గాక కొన్నాళ్ళపాటు ఊళ్ళో తలెత్తుకుని తిరిగాను.

నేను నర్సుని. అరకు లోయ చుట్టుపక్కల కొండల మీద ఎనిమిది ఊళ్ళు నా కిందికి వస్తాయి. వాటిలో మా సొంత ఊరూ ఉంది. సొంత ఊళ్ళో ఇలాంటి ఉద్యోగం చేయవద్దని ఎవరడిగినా చెబుతాను. చీమిడి ముక్కుతో తిరిగినప్పటి నుంచి నన్ను ఎరిగిన ముసలమ్మలకి, చేతులు ఎలా కడుక్కోవాలో నేను నేర్పాలి. వాళ్ళు శ్రద్ధగా వింటారు, తలలూపుతారు, నేను మలుపు తిరిగాక నవ్వుకుంటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, మా ఊళ్ళో వినేవాళ్ళకే చెప్పేది లోకువ.

మా వైపు బిడ్డ పుట్టిన ఇంట్లో కుంపటి పెడతారు. బాలింత, బిడ్డ పడుకునే గదిలో ఒక మూల, పగిలిన కుండ అడుగులో నిప్పులు పోసి, బిడ్డ బొడ్డు ఊడి పడేదాకా అవి ఆరకుండా చూస్తారు. ఎవరో ఒకరు పక్కనే కూర్చుని పుల్లా పుడకా వేస్తూనే ఉంటారు. బొడ్డు ఊడకముందే నిప్పు ఆరితే బిడ్డ దక్కదని నమ్మకం. వానాకాలంలో మా కొండల మీద చలి ఎముకలు కొరుకుతుంది కాబట్టి ఆ నమ్మకంలో కొంత తెలివి కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు ఒప్పుకోలేదు. పొగ పసిపిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదని ట్రైనింగులో చెప్పారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఊరూరా తిరిగి కుంపట్లు తీయించడం నాకు ఒక పిచ్చిగా మారింది. కొందరు మానేశారు. చాలామంది నేను వచ్చే రోజు మాత్రం పెరట్లోకి మార్చేవారు. ఒక ఊళ్ళో ఒకామె మొహం మీదే అనేసింది. "ముందు మీ ఇంట్లో ఆపీసి, అప్పుడు మాకు సెప్పమ్మా."

ఇంట గెలిచి రచ్చ గెలవాలి. మా తమ్ముడి భార్యకి నెలలు నిండుతుండగా నేను అమ్మ మీద యుద్ధం మొదలుపెట్టాను.

"నిప్పు నేని పురుడేటి?" అంది అమ్మ. "నీకెట్టినాను, నీ తమ్ముడికెట్టినాను. సచ్చిపోనారేటి?"

"అప్పుడు గడ్డి కప్పు. పొగ పైకి పోయేది. ఇది స్లాబు ఇల్లు. పొగ ఎక్కడికి పోతుంది?"

"తలుపు తీత్తాను."

"పిల్లకి చలి కొట్టదా?"

"తీత్తే సలంతావు, మూత్తే పొగంతావు. నీకు ఏటి కావాలే?"

నాకేం కావాలో నాకు బాగా తెలుసు. కుంపటి పెడితే ఆ గుమ్మం తొక్కనని బెదిరించాను. నా ఉద్యోగం పరువు పోతుందన్నాను. ఎనిమిది ఊళ్ళ వాళ్ళు నా మొహాన నవ్వుతారన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి మా అమ్మ. నేను ఆమె కడుపున పుట్టినదాన్నే. రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. మూడో రోజు చేటలో చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతూ, తల ఎత్తకుండా, "సరే, కుంపటెట్టను. పో" అంది. మా అమ్మ మాట ఇచ్చిందంటే ఇచ్చినట్టే. ఆ పూట నాకు అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగింది.

స్లాబు ఇల్లు తమ్ముడు ఆ వేసవిలోనే పాత మట్టింటి పక్కన కట్టాడు. రెండు గదులు, నేలకి టైల్స్, గోడలకి లేత గులాబీ రంగు. కిటికీలకి అద్దాల తలుపులు. అవి మూస్తే చీమ కూడా దూరదు. లోపల రంగు వాసన ఇంకా పోలేదు. మరదలికి ఆ వాసనంటే ఇష్టం, కొత్త ఇంటి వాసన అనేది. వంట మాత్రం పాత ఇంట్లోనే, కట్టెల పొయ్యి మీద. కొత్త గోడలకి మసి అంటుతుందని తమ్ముడు గ్యాసు పొయ్యి వచ్చేదాకా లోపల అగ్గిపుల్ల కూడా గీయనిచ్చేవాడు కాదు.

నాకు పొగ భయం తర్వాత ఉన్న రెండో భయం దోమ. ముందటి వానాకాలం మరదలికి మలేరియా వచ్చి, మంచం మీద దుప్పటి ఎగిరి పడేలా వణికిపోయింది. ఒంట్లో రక్తం సగానికి పడిపోయింది. ఊళ్ళో పంచిన దోమతెరలు చూస్తే కొన్ని కోడిపిల్లల గంపల మీద ఉన్నాయి, కొన్ని గెడ్డ నీళ్ళలో చేపలు పడుతున్నాయి. మా ఇంట్లోది చిరిగి అల్లం మూటగా మారింది. అందుకని నేను సంతకి వెళ్ళినప్పుడు దోమల కాయిల్స్ కొన్నాను. నేల మీద టార్పాలిన్ పరిచి సబ్బులు, దువ్వెనలు, ఫినాయిల్ సీసాలు కుప్పలు పోసి అమ్మే మనిషి దగ్గర. ఆకుపచ్చ చుట్టలు, పొడవైన పెట్టెలు. పది పెట్టెలు తీసుకున్నాను. ఒక మాత్ర ఇవ్వాలన్నా గడువు తేదీ రెండుసార్లు చూసి ఇచ్చేదాన్ని. ఆ పెట్టె మీద తయారు చేసినవాడి పేరుందో లేదో కూడా చూడలేదు. మందంటే నాకు ఆసుపత్రిలో ఇచ్చేదే. సంతలో కొన్నది సరుకు.

శ్రావణంలో, జోరు వానల్లో, ఆసుపత్రిలో మరదలికి ఆడపిల్ల పుట్టింది. బరువు బాగుంది, ఏడుపు బాగుంది. మూడో రోజు ఇంటికి తెచ్చాం. పక్క నేనే వేశాను. టైల్స్ ఫినాయిల్‌తో తుడిపించాను. దీనికి మసి పట్టదని తమ్ముడిని ఒప్పించి, ఒక కాయిల్ విరగకుండా విడదీసి, రేకు మీద గుచ్చి, వెలిగించి అమ్మకి చూపించాను.

"కిటికీలు తీయొద్దు. ఒక్క దోమ కూడా లోపలికి రాకూడదు. ఇది ఆరిపోకుండా చూసుకో."

అమ్మ నా వంక చూసింది. "ఆరిపోకుండానా?"

"అవునమ్మా. ఆరిపోతే దోమలొస్తాయి."

"సరే అయితే."

నేను ఏం చెప్పినా పది ప్రశ్నలు వేసే మనిషి ఒక్క మాటకే సరే అంటే నాకు అనుమానం రావాలి. రాలేదు. చదువుకున్న కూతురు మాట వినడం నేర్చుకుందనుకుని మురిసిపోయాను. పురిటి గదిలోకి మగవాళ్ళు రాకూడదు కాబట్టి తమ్ముడు పాత ఇంట్లో పడుకున్నాడు. ఆ సాయంత్రమే నేను పై ఊళ్ళలో జ్వరాల సర్వేకి వెళ్ళాను.

ఆరో రోజు పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. మా ఊళ్ళో సిగ్నల్ రాదు. ఊరి వెనక కాఫీ తోట దాటి గట్టెక్కాలి. వాడు రొప్పుతున్నాడు.

"అక్కా, పిల్ల పాలు తాగట్లేదు. మూలుగుతోంది. బేగి రా."

స్కూటీ మీద నేను చేరేసరికి గంట పట్టింది. అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. ఊళ్ళు పట్టుకు తిరిగొచ్చిన మనిషి నేరుగా పురిటి గదిలోకి రాకూడదు, అదీ ఆమె కట్టడే. "కాళ్ళు కడుక్కుని అక్కడుండు. నానే తెత్తాను" అని లోపలికి వెళ్ళి పిల్లని వసారాలోకి తెచ్చింది.

గుడ్డ విప్పి చూశాను. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంటలు పడుతోంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. వాచీ చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాను. అరవై లోపు ఉండాల్సింది, చాలా ముందుకు పోయింది. మళ్ళీ లెక్కపెట్టాను, తప్పు లెక్కపెట్టానేమోనన్న ఆశతో. తప్పు కాదు. అరికాలు మీద చిటికె వేశాను. ఏడవలేదు. కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసుకుంది.

మరదలు గోడ పట్టుకుని బయటికొచ్చింది. మొహం పీక్కుపోయింది. "వదినా, నాకు తల పగిలిపోతంది. రాత్రి రెండుసార్లు కక్కినాను" అంది. రక్తం తక్కువ మనిషి, కాన్పయి వారం కాలేదు, అలాగే ఉంటుంది అనుకున్నాను. ఆమె బట్టల్లోంచి కాయిల్ వాసన వస్తోంది. ఆ వాసన నా ముక్కుకి తగిలింది, బుర్రకి ఎక్కలేదు. దోమలు రాకుండా బాగానే చూస్తున్నారు అనుకున్నాను.

తమ్ముడు మళ్ళీ గట్టెక్కి ఫోన్ చేస్తే బైకు అంబులెన్సు వచ్చింది. పక్కన తొట్టిలాంటి బండిలో మరదలు పిల్లని గుండెలకి అదుముకుని కూర్చుంది. తమ్ముడు బైకు వెనక ఎక్కాడు. నేను స్కూటీ మీద వాళ్ళ వెంట పడ్డాను. వాన కళ్ళల్లో కొడుతోంది. ప్రతి మలుపులో బండి ఆగుతుందేమోనని భయం. ఆగిందంటే పిల్లకి ఏదో అయిందన్నమాట. ఆ దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆ రోజు అది ఎంతకీ తరగలేదు.

ఆసుపత్రిలో చిన్న డాక్టరమ్మ ఉంది. మైదాన ప్రాంతం నుంచి వచ్చి ఏడాది కాలేదు. నాతో మర్యాదగా ఉండేది. పిల్లకి ఆక్సిజన్ పెట్టి, గుండె, ఊపిరి విని, నా వైపు తిరిగింది.

"సిస్టర్, ఇంట్లో పొగ ఏమైనా పెట్టారా? కుంపటి లాంటిది?"

"లేదు మేడమ్" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. "మా ఇంట్లో నేనే మాన్పించాను. మా అమ్మతో పోట్లాడి మరీ."

"గుడ్" అందామె. "అయితే ఇన్ఫెక్షన్ అయి ఉంటుంది. రక్తం పంపుదాం. సాయంత్రానికి ఇలాగే ఉంటే విశాఖ పంపాలి."

విశాఖ అంటే ఘాట్ రోడ్డు దిగాలి. పొద్దుటే కొండచరియ విరిగి రోడ్డు మీద పడిందని ఎవరో చెప్పుకుంటున్నారు. ఒక్కో బండినే వదులుతున్నారట. ఆరు రోజుల పిల్ల, ముక్కుకి గొట్టం, ఆ బండల మధ్య. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నువ్వు నర్సువి కదా, సెప్పు, బతుకుతాదా?" అని అడిగాడు. ఎనిమిది ఊళ్ళల్లో ఎనిమిది వందలసార్లు ధైర్యం చెప్పినదాన్ని, వాడి చెయ్యి విడిపించుకుని పిల్ల ముక్కు దగ్గర గొట్టం సరిచేశాను.

విశాఖ పంపాలంటే కాన్పు కార్డు కావాలి, పొడి గుడ్డలు కావాలి. తమ్ముడు పిల్ల పక్కనుంచి కదలనన్నాడు. కార్డు పెట్టిన చోటు నాకే తెలుసు. మళ్ళీ స్కూటీ తీశాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అమ్మ పురిటి గది గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉంది. తలుపు మూసి ఉంది. నన్ను చూసి లేచి, "ఎలాగుంది గుంట? పాలు తాగినాదా?" అంది. "ఆక్సిజన్ పెట్టారు" అన్నాను. ఈసారి కాళ్ళు కడుక్కోమని ఆమె చెప్పలేదు, నేను ఆగలేదు. తలుపు తోసి లోపలికి వెళ్ళాను.

ముందు కళ్ళు మండాయి. తర్వాత గొంతు పట్టుకుంది. గది నిండా నీలంగా, పల్చగా పొగ, కదలకుండా నిలబడి ఉంది. దాని కింద ఫినాయిల్, రంగు వాసన. దగ్గుకుంటూ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చూశాను. నాలుగు మూలలా నాలుగు కాయిల్స్. నాలుగూ వెలుగుతున్నాయి. మంచం కింద స్టీలు పళ్ళెంలో బూడిద చుట్టలు చుట్టలుగా పేరుకుని ఉంది. ఖాళీ పెట్టెలు గోడ పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. మంచం మీద పిల్ల లేదు, తల్లి లేదు. నిప్పు మాత్రం ఉంది.

"ఏటిది?" అని అరిచాను. కోపం వస్తే నాకూ మా ఊరి మాటే వస్తుంది.

అమ్మ బెదరలేదు. నేనే తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది.

"కుంపటెట్టొద్దన్నావు. ఎట్టనేదు. నువ్వు తెచ్చిందే ఎట్టినాను. కుంపటికి ఏడి, సెగ ఉంటాది, దీనికి ఏడి నేదు. అందుకని నాలుగెట్టినాను. ఒకటి ఆరకముందే దాంతోటే ఇంకోటి ముట్టించినాను. నువ్వే కదా ఆరిపోకుండా సూడమన్నావు? నువ్వెలిగించి ఇచ్చిన నిప్పే అది. ఇప్పటిదాకా ఆరనియ్యనేదు."

మూడు రోజులుగా గుమ్మం బయట కాపలా కూర్చుని ఆమె నిద్ర పోలేదని కళ్ళు చూస్తే తెలుస్తోంది. నా మాట, తన కట్టడి, రెండూ తప్పకుండా ఉండే దారి వెతుక్కుని, ఆ దారినే నడిచింది. నాకు దోమ కోసం ఆరకూడదు. ఆమెకి బొడ్డు కోసం ఆరకూడదు. ఒకే మాట మీద ఇద్దరం ఒప్పుకున్నాం. మా ఇద్దరి మధ్య మూసిన గదిలో పిల్ల ఊపిరాడక కొట్టుకుంది.

కిటికీలు ఒక్కొక్కటీ గుంజి తెరిచాను. వాన లోపలికి కొట్టింది. "ఆర్పు" అన్నాను అమ్మతో. "అన్నీ ఆర్పు. ఇదే పిల్లని చంపుతున్నది."

అమ్మ వెనక్కి జరిగింది. "బొడ్డూడనేదే ఇంకా."

"అమ్మా!"

"నా సేతో ఆర్పలేను. పిల్ల ఆసుపత్రిలో కొట్టుకుంటుంటే నాను నిప్పార్పాలా? నువ్వే ఆర్పు. సదువుకున్నదానివి."

ఒకదాన్ని తీసి టైల్ మీద నొక్కాను. చుయ్యిమనలేదు, ఏమీ అనలేదు, ఊరికే నల్లబడింది. రెండోది. మూడోది. నాలుగోదాని దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. కుంపట్ల మీద ఎనిమిది ఊళ్ళల్లో దండోరా వేసినదాన్ని, అది మూఢనమ్మకమని బొమ్మల అట్టలు పట్టుకుని తిరిగినదాన్ని. ఆ ఎర్రటి చుక్క కళ్ళ ముందు ఉండగా నాకు అనిపించింది, ఇది ఆరిన క్షణానే అక్కడ పిల్ల ఊపిరి ఆగితే? నమ్మకం లేదు. భయం ఉంది. భయానికి నమ్మకంతో పని లేదని ఆ రోజు తెలిసింది. వెనక అమ్మ ఊపిరి బిగపట్టి నిలబడి ఉంది. నేను ఆర్పాక పిల్ల పోతే, ఆమె బతికినన్నాళ్ళూ నేనే చంపానని అనుకుంటుంది. నోటితో అనదు, అనుకుంటుంది. నేనూ అనుకుంటానేమో.

కళ్ళు మూసుకుని నొక్కాను. అమ్మ నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

కార్డు సంగతి మరిచిపోయి గట్టు వైపు పరిగెత్తాను. కాఫీ తోటలో ఆకులన్నీ జారుడు. రెండుసార్లు పడ్డాను. మిరియాల తీగ పట్టుకుని లేచాను. గట్టు మీద రెండు గీతలు సిగ్నల్ వచ్చింది. తమ్ముడికి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఎందుకు ఎత్తడం లేదు? నా చేతిలో ఇంకా ఆ బూడిద అంటుకుని ఉంది. వానకి అది వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. ఆర్పి పది నిమిషాలు కూడా కాలేదు. మూడోసారి చేశాను.

"అక్కా" అన్నాడు వాడు.

"పిల్ల?"

"అలాగే ఉంది."

బురదలోనే కూర్చుని, "డాక్టరమ్మకి ఇవ్వు" అన్నాను. ఆమెకి చెప్పాను. మూసిన గది, నాలుగు కాయిల్స్, మూడు రోజులు, ఆరకుండా. తల్లికి తలనొప్పి, వాంతులు.

"సిస్టర్, పొగ లేదన్నారు కదా మీరు?"

"కట్టెల పొగ లేదు మేడమ్."

"మూసిన గదిలో ఏ నిప్పయినా నిప్పే కదా. రంపం పొట్టు, జిగురు, రంగు, పురుగుల మందు, అన్నీ కలిపి కాలుస్తున్నారు. అందులోంచి వచ్చే విషగాలికి వాసన కూడా ఉండదు. కట్టెల పొగయితే కళ్ళు మండి బయటికి పారిపోతారు. దీన్ని మందు అనుకుని, కళ్ళు మండినా పక్కనే పడుకుంటారు." ఆమె గొంతు పెంచింది. "ఎవరు పెట్టారు?"

"మా అమ్మ మేడమ్."

నేను అబద్ధం ఆడలేదు. పెట్టింది అమ్మే. కానీ ఆ వానలో, ఆ భయంలో, నా నోట్లోంచి ఆలోచించకుండా వచ్చిన మాట అది. ఆలోచించి ఉంటే ఇంకో మాట వచ్చేదని మీకు చెప్పగలనా అంటే, చెప్పలేను.

డాక్టరమ్మ తల్లికీ ఆక్సిజన్ పెట్టించింది. పిల్లకి పెట్టినది పెంచింది. విశాఖ బండి సిద్ధంగా ఉంచి, గంట గంటకీ చూస్తానంది. నేను కార్డు తీసుకుని తిరిగి వెళ్ళేసరికి సందె చీకట్లు పడుతున్నాయి. మరదలి తలనొప్పి తగ్గింది. పిల్ల తగ్గలేదు. ఆ రాత్రి గురించి రాయడానికి ఏమీ లేదు, ఊపిరి లెక్కపెట్టడం తప్ప. తెల్లారేసరికి లెక్క అరవై దగ్గరికి దిగింది. పక్కటెముకల కింద గుంటలు లోతు తగ్గాయి. పదింటికి చెంచాతో రెండు చుక్కలు పాలు మింగింది. మరదలు గట్టిగా ఏడ్చేసింది, తమ్ముడు కారిడార్లోకి వెళ్ళి ఏడ్చాడు. నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

అమ్మ ఆ రోజు మధ్యాహ్నం జీపులో వచ్చింది. గిన్నెలో చోడి అంబలి, పిల్లకి పాత చీర గుడ్డలు. వార్డులోకి వచ్చి, మంచానికి నాలుగడుగుల దూరంలో ఆగి, పిల్ల పొట్ట పైకీ కిందికీ ఆడటం చాలాసేపు చూసింది. దగ్గరికి రమ్మన్నా రాలేదు.

రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మ ఆమెని చూసి, "ఈవిడేనా?" అంది. నేను తలూపాను. తర్వాత అందరి ముందూ, పక్క మంచాల వాళ్ళు మెడలు చాచి వింటుండగా, అమ్మకి చీవాట్లు పెట్టింది. ఆరు రోజుల పసిగుడ్డుని విషంలో పడుకోబెట్టారన్నది. చదువు లేకపోతే ఇంట్లో చదువుకున్నవాళ్ళనైనా అడగాలి కదా అన్నది. అమ్మ చేతులు కట్టుకుని, గచ్చు వైపు చూస్తూ వింది. ఒక్కసారి, ఒక్కసారే, కళ్ళెత్తి నా వైపు చూసింది. ఆ చూపులో నేరం మోపడం లేదు. నేను ఏమైనా చెబుతానేమోనని చూసినట్టుంది. నేను సెలైన్ సీసాలో చుక్కలు చూస్తున్నాను. నాకు అంత అవసరమైన పని ఏమీ లేదక్కడ.

"నాకు తెలీదు తల్లీ" అంది అమ్మ చివరికి. "ఇంకెప్పుడూ సెయ్యను."

పదకొండో రోజు పిల్ల బొడ్డు ఊడింది, ఆసుపత్రి మంచం మీద, ట్యూబు లైటు కింద. అమ్మ దాన్ని గుడ్డలో చుట్టి రొంటిన దోపుకుంది. ఆ సాయంత్రం డిశ్చార్జ్ అన్నారు.

డాక్టరమ్మ ఒక కాగితం నా చేతికిచ్చింది. ఏం జరిగింది, ఎవరి వల్ల జరిగింది, ఇంటివాళ్ళకి ఏం చెప్పి పంపాం, అన్నీ తెలుగులో రాయాలి. ఇంటి పెద్ద దాని కింద సంతకం చేయాలి. "మీరే రాసేయండి సిస్టర్. మీరు కనిపెట్టకపోయి ఉంటే ఈ పిల్ల దక్కేది కాదు" అంది.

పక్కనే ఉన్న అమ్మ మొహం వెలిగింది. పక్క మంచం ఆవిడ వైపు తిరిగి, "మా గుంటే" అంది. "మా గుంట సదువుకున్నాది కాబట్టి మాకు పిల్ల దక్కింది."

కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని రాశాను. నాయనమ్మ అవగాహన లేక మూసిన గదిలో దోమల కాయిల్స్ మూడు రోజులు ఆపకుండా వెలిగించడం వల్ల అని రాశాను. ఎవరు కొన్నారు, ఎవరు వెలిగించి ఇచ్చారు, ఎవరు ఆరిపోకుండా చూడమన్నారు అన్నదానికి ఆ కాగితంలో గడి లేదు. గడి లేకపోయినా రాయవచ్చు. ఖాళీ చాలా ఉంది.

అమ్మ నా భుజం మీంచి తొంగి చూసింది. "ఏటి రాస్తన్నావు?"

"పిల్ల బాగుందని రాస్తున్నాను."

"బాగా రాయి" అంది.

ఇంక్ ప్యాడ్ తెరిచి ఆమె ముందు పెట్టాను. ఎడమ బొటనవేలు సిరాలో అద్ది, నేను చూపించిన చోట, ఆ వాక్యం కిందే, జాగ్రత్తగా నొక్కింది. సరిగ్గా పడిందా అని నన్ను అడిగింది. పడిందన్నాను. ఆ వేలు కొంగుకి తుడుచుకుని, పిల్లని ఎత్తుకోవడానికి చేతులు చాపింది.